మాచర్ల దారిలో చేపబుర్రల వేట

కాశీ పోయొచ్చినవాళ్ళు రాస్తారు, కాశ్మీరు పోయొచ్చినవాళ్ళు రాస్తారు. నరసరావుపేట నుంచి మాచర్ల పోయొచ్చినవాడు రాయడం మీరు చూసి ఉండరు. ఆ దారిలో రోజూ బస్సులు నిండుగానే పోతయ్యి గానీ, ఎక్కినవాళ్ళంతా పిడుగురాళ్ళ రాకముందే నోరు తెరిచి నిద్రపోతారు. మెలకువగా పోయినవాణ్ణి, అందులోనూ దారిపొడుగునా చేపల తలకాయలు తెరుచుకుంటూ పోయినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా. అందుకని రాస్తున్నాను.

నేను పేటలో చేపలు అమ్ముతాను. మార్కెట్లో కోటేశు కొట్టు అంటే చూపిస్తారు. చదువంటారా, ఎనిమిదో తరగతి రెండేళ్ళు చదివినా దానికి నా మీద ఇష్టం కలగలేదు. గొడవెందుకని నేనే వచ్చేశాను.

బయల్దేరక ముందు

మా అక్క రమణ మాచర్ల అవతల ఒక పల్లెలో చేపపిల్లల హేచరీ నడుపుతుంది. చెరువులు పాట పాడుకున్నవాళ్ళు తొలకరికి అక్క దగ్గర పిల్లని కొనుక్కుపోతారు. మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. బొచ్చె, శీలావతి లాంటి చేపలు నిలవ నీళ్ళలో ఎంత తిన్నా, ఎంత బలిసినా గుడ్లు పెట్టవు. వాటికి ఏటి వరద కావాలి. వరదొచ్చిందని దాని బుర్ర నమ్మితేనే పొట్టలో ఉన్న గుడ్ల జన బయటికొస్తుంది. గుంటలోకి వరద తేలేం కాబట్టి తల్లిచేపకి సూది వేసి నమ్మిస్తారు. ఈ ఏడు బావ తెచ్చిన మందుతో అక్క రెండుసార్లు సూది వేసింది. రెండుసార్లూ చేపలు సూది పోటు తప్ప ఇంకేమీ పట్టించుకోలేదు.

దాంతో మా బావ వెంకట్రావుకి మిరపకాయల మీద మనసు పోయింది. గుంటలు పూడ్చి చదును చేస్తే మిరప కల్లానికి అద్దెకిచ్చుకోవచ్చంట. అక్క ఫోన్ చేసింది.

"ఒరే కోటేశూ, మీ బావ జేసీబీకి చెప్పాడురా. మృగశిర మర్నాడు పొద్దున్నే వచ్చి గుంటలు పూడుస్తదంట."

"నువ్వేమన్నావక్కా?"

"ఇంకొక్కసారి సూది వేసి చూద్దామన్నా. షాపులో మందు లేదు, వారం పడుతదన్నారు. వారం ఆగమంటే జేసీబీ ఆగదంటాడు. అదేదో ఆయన మేనత్త కొడుకయినట్టు మాట్లాడతాడు."

ఈ మాటలు స్పీకర్లో విన్నది అక్క కూతురు శ్రావణి. యూనివర్సిటీలో పరిశోధన చేస్తుంది, సెలవులకి ఊరెళ్తూ మా ఇంట్లో దిగింది. చేప దగ్గర్నుంచి మనిషి దాకా వెన్నెముక ఉన్న జంతువులన్నిట్లో హార్మోన్లు ఎట్టా మారుతూ వచ్చినయ్యి అన్నది ఆ పిల్ల చదువు. "దాని వల్ల ఇంటికేం లాభం" అని మేమంతా పండక్కొకసారి అడుగుతూ ఉండేవాళ్ళం.

"మావయ్యా, షాపు మందు లేకపోతే ఏం? అసలు సరుకు నువ్వు రోజూ నరికి పారేస్తున్నావు" అంది.

"నేను పారేసేది నా జీవితాన్ని. ఇంకేం పారేస్తున్నానే?"

"చేప మెదడు కింద పిట్యూటరీ అని ఒక గింజ ఉంటుంది. గుడ్లు పెట్టమని జనకి కబురు పంపేది అదే. షాపు మందు కలెక్టరు ఆర్డరు లాంటిది. అది ఈ గింజకి చెప్తుంది, గింజ పోయి జనకి చెప్తుంది. మనం తాసీల్దారునే పట్టుకుంటే కలెక్టరుతో పనేముంది?"

రేపు మృగశిర. కార్తె మొదటి రోజు చేప తింటే వానాకాలం ఒంటికి మంచిదని జనం నమ్మకం. కృష్ణకి అవతల, తెలంగాణ వైపు, ఇంకా జోరు. చేప తినని పెద్దవాళ్ళు అక్కడ ఇంగువా బెల్లమూ కలిపి ఉండ చేసుకుని మింగుతారు. మా వైపు ఉండ లేదు, చేపే. ఆ ఒక్కరోజు దారిపొడుగునా ప్రతి ఊళ్ళో చేపలే. అవి కూడా వానకి సిద్ధమై నిండు జనతో ఉన్నవి. శ్రావణి చెప్పేదాని ప్రకారం గింజలో సరుకు నిండుగా ఉండేది ఇప్పుడే.

"ఏడాదికొక్క పండగ. ఆ రోజు కొట్టు నా నెత్తిన పెట్టి ఊరేగడానికి పోతన్నావా?" అంది మా ఆవిడ.

"ఊరేగింపు కాదే, తలకాయలు తేవడానికి."

"నీకు లేని సరుకు బయటి నుంచి తెచ్చుకోవడమే మంచిదిలే" అని పంపించింది.

నరసరావుపేట

తెల్లారకముందే మార్కెట్లో పని మొదలుపెట్టాం. ఇరవై ఏళ్ళుగా తలకాయలు కొడుతున్నాను, నాకంటే ఎవడికి తెలుసులే అని శ్రావణి చేతిలో కత్తి లాక్కుని నిలువునా ఒక్క దెబ్బ వేశాను. తల రెండు చెక్కలైంది. చూస్తే గింజ లేదు.

"గింజ సరిగ్గా నీ కత్తి దారిలోనే ఉంటుంది మావయ్యా. ఇప్పుడది నీ కత్తికి అంటుకుని ఉంది. కత్తికి సూది వేద్దామా?"

మాకు తలని నిలువునా చీల్చడమే అలవాటు. పులుసులో మసాలా బాగా పడుతుందని కొనేవాళ్ళూ అట్టాగే అడుగుతారు. పేట నుంచి మాచర్ల దాకా ఏ కత్తిపీట దగ్గరైనా ఇదే దెబ్బ. అంటే ఇన్నేళ్ళుగా పల్నాడులో చేప తిన్నవాళ్ళంతా ఆ గింజని సమానంగా పంచుకుని తిన్నారన్నమాట.

శ్రావణి పద్ధతి వేరు. నెత్తి మీద టోపీ తీసినట్టు ఎముకని పైపైన చెక్కేస్తుంది. బూడిదరంగు మెదడుని పట్టకారుతో మెల్లిగా లేపుతుంది. దాని కింద ఎముకలో చిన్న గుంట, గుంట మీద సాలెగూడంత పల్చటి పొర, పొర కింద పాలరంగులో ఆవగింజంత గింజ. దాన్ని చిదమకుండా తీసి, యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్న ఆల్కహాలు సీసాలో వేస్తుంది. సరుకు చెడకుండా అది కాపాడుతుందంట. నేనూ నేర్చుకున్నాను. మొదటి అరడజను చిదిమాను, తర్వాత వచ్చేసింది. కబురు పాకి మార్కెట్లో మిగతావాళ్ళు కూడా తలలు నా వైపు నెట్టారు. "కోటేశుకి బుర్రల పిచ్చి పట్టింది" అన్నారు. ఎనిమిదో తరగతప్పుడు పట్టాల్సింది, ఆలస్యమైంది.

ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి వేయించుకుని తిని, ట్రాలీ ఆటోలో థర్మాకోల్ పెట్టె, పెట్టెలో ఐసు, ఐసులో సీసాలు పెట్టుకుని బయల్దేరాం.

పిడుగురాళ్ళ

సున్నపు బట్టీల ఊరు. దుమ్ము పడి చెట్లు, గోడలు, గేదెలు అన్నీ ముసలివాటిలా కనిపిస్తయ్యి. రోడ్డు పక్కన టార్పాలిన్ల కింద చేపలు కుప్పలు పోశారు. మామూలుగా కిలో రెండొందలకి బేరమాడే శీలావతి ఆ రోజు రెండొందల అరవైకి తలెగరేస్తుంది.

ఇక్కడొక చిక్కొచ్చింది. పేటలో తలకాయలు నావి. ఇక్కడ కొన్నవాళ్ళవి. పల్నాడులో చేప కొనేది సగం తలకాయ కోసమే. ఒకావిడ ఇంకా చీల్చని బొచ్చె తలకాయ సంచిలో వేసుకుంటుంటే శ్రావణి అడిగింది.

"అత్తా, ఆ తల ఒక్క నిమిషం ఇస్తారా? లోపల చిన్న గింజ తీసుకుని మళ్ళీ ఇస్తాం."

"ఏం గింజ? ఎందుకది?"

"హార్మోను ఉంటుందండీ. దానితో వేరే చేప చేత గుడ్లు పెట్టిస్తాం."

ఆవిడ సంచి చంకలో పెట్టుకుంది. "మా ఇంటాయనకి బుర్ర తక్కువనే తలకాయ కొంటున్నానమ్మా. అందులో పనికొచ్చేది మీరు తీసుకుని డొక్కు నాకిస్తే ఎట్టా?"

నేను కలగజేసుకున్నాను. "వదినా, ఆ గింజ తింటే గుడ్లు పెడతారు. మీ ఆయన పెడితే పొదిగేదెవరు?"

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు, ఆవిడ కూడా నవ్వింది, తలకాయ ఇచ్చింది. తీసేది ఆవగింజంతేనని కళ్ళారా చూశాక వరసగా అందరూ ఇచ్చారు. కొందరికి అది చూడటం సినిమా అయింది. ఒక పెద్దాయన ఏమీ కొనకుండానే మా పక్కన నిలబడి "అదుగో, అదుగో, పొర కింద" అని నాకే చెప్పడం మొదలుపెట్టాడు.

దాచేపల్లి దాటాక

తెలంగాణ సరిహద్దు ఇక్కడికి దగ్గర. అవతల నుంచి మందు సీసాలు తెస్తున్నారేమోనని పోలీసులు బండ్లు ఆపి చూస్తున్నారు. మా పెట్టె మూత తీశారు. పైన ఐసు, కింద చిన్న చిన్న సీసాలు, వాటి మీద శ్రావణి గుండ్రటి అక్షరాలతో ఆల్కహాల్ అని రాసుంది. పక్కన మూటలో తెరిచిన చేప తలకాయలు.

కానిస్టేబులు నన్ను చూశాడు, తలకాయల్ని చూశాడు. "ఏందయ్యా ఇది? మందు, మంచింగు వేరు వేరుగా కట్టావా?"

శ్రావణి కార్డు చూపించి విషయం చెప్పింది. ఆయనకి నమ్మకం కుదరలేదు. "ఒక చేప బుర్రలోది ఇంకో చేపకి వేస్తే పనిచేస్తదా అమ్మా? నా రక్తమే మా తమ్ముడికి సరిపోలేదు."

"రక్తం వేరండీ. హార్మోను అంటే పూసల దండ లాంటి కబురు. అది వెళ్ళి తగులుకోవడానికి ఒంట్లో తాళాలు ఉంటయ్యి. దండ తాళానికి సరిపోతే చాలు, ఎవరి దండ అయినా ఒకటే. మీకు తెలిసినవాళ్ళెవరైనా షుగరుకి ఇన్సులిన్ వేసుకుంటారా?"

ఆయన గొంతు తగ్గింది. "నేనే."

"ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారుచేస్తున్నారు. పూర్వం పంది నుంచి తీసేవాళ్ళు. పంది ఇన్సులిన్‌కీ మనదానికీ ఒక్క పూసే తేడా. మన తాళం ఆ తేడా పట్టించుకోదు."

ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత మూత తనే జాగ్రత్తగా పెట్టాడు. "మా అమ్మ ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వదు తల్లీ. ఈ సంగతి ఇక్కడే ఉండనీయి" అని పంపించాడు.

ఆటో కదిలాక నేనన్నాను. "ఒక్క పూస తేడాతో పంది పనికొచ్చిందంటే, మనం ఇన్ని ఆవగింజలు ఏరుకోవడం ఎందుకే? పెద్ద జంతువుని చూసుకుంటే పోదా?"

శ్రావణి నా వంక చూసి, సీసాల మూతలు బిగించడంలో పడింది. అది నాకు చాలు.

గురజాల

గురజాలలో మస్తాన్ భాయ్ మటన్ కొట్టు ఉంది. అందరూ చేపల మీద పడటంతో ఆయన ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. నేను మేకతలకాయ గింజలు అడిగితే, "తలకాయలే తీసుకుపో భాయ్, ఎవరో ఒకరు నా కొట్టు గుర్తుపెట్టుకున్నారు" అన్నాడు. మేక గింజ బటానీ అంత ఉంది. ఒక్కటి పది చేపల పెట్టు. నాలుగు తీసి గర్వంగా శ్రావణికి చూపించాను.

"ఇవి పనిచేయవు మావయ్యా."

"పంది పనికొచ్చింది, మేక ఏం పాపం చేసింది?"

మెస్సులో భోజనానికి కూర్చున్నాం. వంద రూపాయల భోజనం. చేపల పులుసు అయిపోయిందన్నారు. చేపల పండగ నాడు చేపలవాడు సాంబారు తిన్నాడని మీకు నవ్వొస్తే నవ్వుకోండి. ఆ సాంబారు దగ్గరే నాకు శ్రావణి చదువేందో అర్థమయింది.

"దూడ గుద్దితే గేదె పాలు వదులుతుంది కదా. దాని వెనక తొమ్మిది పూసల దండ ఒకటి ఉంది. ఆడవాళ్ళకి కాన్పు నొప్పులు తెచ్చేదీ అదే. కోడిలో చూస్తే అదే దండ, ఒక్క పూస వేరు. నువ్వమ్మే శీలావతిలో కూడా అదే, రెండు పూసలు వేరు."

"చేపకి పాలెక్కడియ్యే?"

"అదే కదా. దవడలు కూడా లేని పాతకాలపు చేపజాతి ఒకటి ఇంకా బతికుంది. దాంట్లో ఈ తరహా దండ ఒక్కటే. తర్వాత ఎప్పుడో, కోట్ల ఏళ్ళ కిందట, ఆ దండ తయారుచేసే కాగితం ఒంట్లో జిరాక్సు అయింది. రెండు కాపీలు అయినయ్యి."

"అన్నదమ్ములు వేరుపడ్డారన్నమాట."

"అచ్చంగా. పెద్దోడు పాత పనే ఉంచుకున్నాడు, ఒంట్లో నీళ్ళు, ఉప్పు చూసుకోవడం. చిన్నోడికి చేతిలో పని లేదు కాబట్టి కొత్త పని నేర్చుకోగలిగాడు. గేదె దాకా వచ్చేసరికి పాలవ్యాపారం పెట్టాడు. తాళాలూ అట్టాగే జిరాక్సు అయి, ఎవరి దండకి తగ్గట్టు వాళ్ళ తాళం మారుతూ వచ్చింది."

"మన వైపు అన్నదమ్ములైతే ఈపాటికి గట్టు దగ్గర తలకాయలు పగిలేవి. సరే, మేక మాటేంది?"

"చిన్న దండలు ఎక్కువ మారలేదు. గుడ్లు పెట్టమని చెప్పేది మాత్రం చానా పెద్ద దండ, రెండు పేటలది. చేపలో ఒక దారిన, మేకలో ఒక దారిన, దండా తాళమూ జోడీగా మారిపోయినయ్యి. మేక దండ మేక తాళానికే నప్పుతుంది. శీలావతికి బొచ్చెది వేస్తే చెల్లుతుంది, దగ్గరి చుట్టం. మేక మరీ దూరం."

"దూరపు చుట్టాలని పిలవకపోతే పెళ్ళి కళ ఉండదే" అని నాలుగు గింజలూ పెట్టెలోనే ఒక మూల ఉంచాను.

రెంటచింతల

ఈ ఊరి ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు, ప్రతి వేసవీ టీవీవాళ్ళు చెప్తారు. ఊరివాళ్ళకి దానిమీద గర్వం. చెట్టు కింద ఆటో ఆపితే అక్కడున్నాయన "మీ పేటలో ఎంత?" అని అడిగాడు. నలభై రెండు అన్నాను. "చల్లగా ఉందే" అన్నాడు.

మా ఐసు నీళ్ళయిపోయింది. చర్చి సందులో చేపలమ్మే ఆరోగ్యమ్మ దగ్గరికి పోయాం. ఏనాటి నుంచో నాకు పరిచయం, పేట నుంచి సరుకు వేస్తుంటాను. ఆవిడ దగ్గరా ఐసు అడుగంటింది. తన దగ్గర మిగిలిన ముక్కలు మాకిచ్చి, పెట్టె చుట్టూ గోనెపట్టా కప్పి నీళ్ళు చల్లింది. అమ్ముడుపోయిన తలల్లో గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని మాట్లాడింది.

"మీ బావగారు కూడా ఆమధ్య వచ్చారయ్యా, మా తమ్ముడు ఇన్నయ్య కొడుకు పెళ్ళికి. మాచర్ల మీదుగా పోతూ చేపల మందు తీసుకెళ్తున్నా, కూర్చోను అన్నారు. మావాళ్ళు ఊరుకుంటారా? భోజనాలు, పేకాట. పొద్దు వాలాక బయల్దేరబోతే కాలిపోతున్న బండి సీటు మీద కూర్చోలేకపోయారు. నేనే రెండు బిందెలు నీళ్ళు పోశాను."

శ్రావణి చేతిలో పట్టకారు ఆగిపోయింది. "బండి ఎక్కడ పెట్టాడు పిన్నీ?"

"ఎక్కడేంది, చర్చి ఎదురుగా నడి ఎండలో. మందు డిక్కీలోనే ఉందిగా, ఎవరూ తీసుకుపోరులే అన్నారు."

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. బావ ఇంట్లో చెప్పింది, మందు ఐసుపెట్టెలో పెట్టుకుని నేరుగా వచ్చానని.

"పూసల దండలు మావయ్యా అవి" అంది శ్రావణి మెల్లిగా. "ఎండకి ఇనప డిక్కీలో పొద్దంతా ఉడికితే ఏమవుతయ్యో నేను ఒట్టేసి చెప్పలేను గానీ, చేపల మీద నేరం మోపడానికి మాత్రం లేదు. మా అమ్మ చేపలు బాగానే ఉన్నయ్యి."

ఆ పిల్ల కళ్ళు మెరిసినయ్యి. నాకైతే మాచర్ల ఎప్పుడొస్తుందా అనిపించింది. బావమీద ఇంత మంచి సరుకు ఇన్నేళ్ళలో నా చేతికి రాలేదు.

మాచర్ల అవతల

సాయంత్రం నాలుగు దాటాక చేరాం. బావ గట్టు మీద నులకమంచం వేసుకుని, పూడ్చబోయే గుంటల వంక ఇంటి కొలతలు చూసినట్టు చూస్తున్నాడు. మామీద చూపు పడగానే అన్నాడు.

"రా బావమరిదీ. పొద్దున్నే జేసీబీ వస్తది. చివరి చూపులకి సమయానికి వచ్చావు."

"ఆరోగ్యమ్మ అడిగింది బావా నిన్ను. సీటు చల్లారిందా అని."

బావ మంచం దిగి చెప్పులు వెతుక్కున్నాడు. అక్క అప్పుడే కాఫీ గ్లాసులతో వస్తుంది. "ఏం సీటు?" అంది. నేను చెప్పలేదు. పెళ్ళాం చేతిలో వేడి కాఫీ ఉన్నప్పుడు మొగుడి సంగతి చెప్పకూడదు. గ్లాసులు కిందపెట్టాక చెప్పాను.

అక్క కేకలేయలేదు. "పేకాటలో గెలిచావా?" అని మాత్రం అడిగింది. బావ లేదన్నట్టు తలూపాడు. "మరింకేం" అని గుంటలోకి దిగింది.

వల లాగి తల్లిచేపల్ని పట్టుకుంది. ఒక్కోదాని పొట్ట తడిమి చూసింది. అన్నీ నిండుగా, మెత్తగా ఉన్నయ్యి. శ్రావణి చిన్న కల్వంలో గింజలు ఉప్పునీళ్ళతో నూరి, తేరుకోనిచ్చి, పైనున్న తేటని సిరంజిలోకి లాగింది. అప్పుడు బావకి మేక గింజలు కనిపించినయ్యి.

"ఇంత పెద్దవి పెట్టుకుని ఆ ఆవపిండి నూరుతుందేంది?"

"అవి పనిచేయవు నాన్నా."

"నీకు పుస్తకంలో చెప్పారు. నాకు కంటికి కనపడుతుంది. ఒక చేప నాకివ్వండి. నా చేపకి మేకది వేస్తా. పొద్దున్నే ఎవరి చేప గుడ్డు పెడితే వాళ్ళ మాట చెల్లుద్ది. మీది పెడితే జేసీబీ వెనక్కి."

మాటంటే మాటే. బావ అన్నిటికంటే లావు బొచ్చెని ఏరుకున్నాడు. అక్క దానికి మేక గింజల సూది వేసి వేరే వలతొట్టిలో వదిలింది. మిగతావాటికి తోక మొదట్లో తడిగుడ్డ అడ్డుపెట్టి సూది వేసి, మగచేపలతో కలిపి గుండ్రటి సిమెంటు తొట్టిలో వదిలారు. బోరు వేసి నీళ్ళు గుండ్రంగా తిప్పారు, పైన గొట్టాల నుంచి జల్లు కురిపించారు. అదే వాటికి ఏరు, అదే వాన.

ఈ మందు రెండు విడతలుగా వేయాలి, రెండో సూది రాత్రి వేశారంట. నేను చూడలేదు, నిద్రపోయాను. యాత్ర రాసేవాడు నిజం రాయాలి.

తెల్లారి

తొట్టిలో చప్పుడుకి మెలకువొచ్చింది. తడిబట్టలు బండకేసి బాదుతున్నట్టు ఉంది. పరిగెత్తి చూస్తే చేపలు ఒకదాన్నొకటి తరుముకుంటూ నీళ్ళు మా మొహాల మీదికి కొడుతున్నయ్యి. అక్క చీర కుచ్చిళ్ళు దోపుకుని తొట్టిలోకి వంగి, స్టీలు పళ్ళెంతో నీళ్ళు ముంచి తీసింది. పళ్ళెం నిండా నానిన సగ్గుబియ్యం. ఒక్కోటీ తేటగా, గుండ్రంగా, వెలుతురు ఇటు నుంచి అటు పోతుంది.

అక్క పళ్ళెం పట్టుకుని అట్టాగే నిలబడింది. "తెల్లగా మురిగింది ఒక్కటి కూడా లేదే" అంది చివరికి. శ్రావణి తడిసిన సిమెంటు మీదే కూలబడి నవ్వుతుంది. రెండు సూదుల నుంచి ఆగిన నవ్వు అక్కకి ఒకేసారి వచ్చింది. నాకు ఏం జోకూ తోచలేదు. అది నా జీవితంలో అరుదు.

ఆ ముచ్చట ఎంతోసేపు లేదనుకోండి. బావ వలతొట్టి దగ్గర గొంతుక్కూర్చుని తన బొచ్చెని చూస్తున్నాడు. అది పొట్ట వేసుకుని దర్జాగా తిరుగుతుంది. దానికి వరద వచ్చినట్టూ లేదు, వాన పడినట్టూ లేదు.

"బావా, కాస్త చెవి పెట్టి విను. మే మే అంటుందేమో" అన్నాను.

"దానికి మూడ్ లేదు."

"మూడ్ కాదు నాన్నా, తాళం" అంది శ్రావణి. మిగిలిన చేప గింజలు నూరి దానికి కూడా వేసింది. మర్నాడు అది పెట్టిన గుడ్లే అన్నిటికంటే ఎక్కువని తర్వాత ఫోన్లో చెప్పారు. ఆ చేపకి అక్క వెంకట్రావు అని పేరు పెట్టింది. ఆడచేప అయినా సరే.

ఈలోగా గట్టు మీద దడదడమని జేసీబీ వచ్చింది. సంతోషంలో దానికి వద్దని చెప్పడం అందరం మర్చిపోయాం. డ్రైవరు దిగి, బీడీ ముట్టించుకుని, "ఎక్కడ పూడ్చాలి బాబాయ్?" అన్నాడు.

అక్క పళ్ళెం బావ ముందు పెట్టింది. బావ వేలితో ఒక గుడ్డుని కదిపి చూశాడు. మేక మీద నమ్మకం పోయింది గానీ మనిషి మనిషే. లేచి లుంగీ దులుపుకుని, తొట్టి పక్కన ఖాళీ నేలలో నాలుగు మూలలా మడమతో గీతలు గీశాడు.

"పూడ్చేది లేదు, తవ్వేది ఉంది. పిల్ల దిగుద్ది, ఉన్న గుంటలు చాలవు. ఇక్కడ ఇంకోటి తవ్వు."

"లోతెంత బాబాయ్?"

బావ నావైపు తిరిగి చూశాడు. రాత్రి నుంచి వెతుక్కుంటున్న మాట అప్పటికి దొరికినట్టుంది.

"మా బావమరిది నోరంత" అన్నాడు.

డ్రైవరు నన్నొకసారి ఎగాదిగా చూసి, బీడీ పారేసి, సాయంత్రం దాకా తవ్వాడు.